శిక్ష నుండి శిక్షణ వరకు
ఆత్మనిగ్రహ బోధన: ఒక చారిత్రక పరిశీలన

సంస్కృతంలో ‘శిక్ష’ అనే పదానికి నేర్చుకొనుట, నేర్పుట అని అర్థం. ఆరు వేదాంగాలలో ఒకటైన శిక్షాశాస్త్రం అక్షరాలను ఎలా పలకాలో బోధిస్తుంది. హిందీలో నేటికీ శిక్ష అంటే విద్యయే. తెలుగులోను, కన్నడంలోను మాత్రం అదే పదం దండన అనే అర్థంలో స్థిరపడిపోయింది. బెంగళూరులో తెలుగు మాధ్యమంలో చదివే బాలబాలికలు ఈ మూడు భాషలనూ ఒకే రోజున వింటారు. ఒకే మాట ఒకచోట చదువుగా, మరొకచోట దెబ్బగా మారడం వారికి తెలియని సంగతి కాదు.

ఈ అర్థభేదం నిఘంటువుకు మాత్రమే సంబంధించినది కాదు. నేర్పడమంటే దండించడమేనన్న విశ్వాసం దక్షిణ దేశపు బడులలో చాలాకాలం రాజ్యమేలింది. ఆ విశ్వాసాన్ని వదలి, విద్యార్థి తన్ను తాను అదుపులో ఉంచుకోవడం, తన నడతను తానే తూచుకోవడం అనే ఆశయం వైపు సాగిన ప్రయాణానికి రెండు వందల ఏండ్లకు పైగా చరిత్ర ఉంది. అందులోని ముఖ్యమైన మజిలీలు కొన్ని బెంగళూరులోను, బెంగళూరుకు ఒక పూట ప్రయాణ దూరంలోను ఉండటం విశేషం. ప్లాటినం జూబిలీ జరుపుకొనే పాఠశాల ఎన్ని గదులు కట్టించిందో, ఎందరిని ఉత్తీర్ణులను చేసిందో లెక్కించుకోవడం సహజమే. ఉపాధ్యాయుడు గదిలో లేని వేళ ఆ పిల్లలు ఎలా మెలగుతారన్నది కూడా ఆ లెక్కలో చేరవలసిన అంశమే.

బళ్లారి బడిలో ఒక ఉదయం

1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో రాజధాని పరిధిలోని బడుల వివరాలు పంపమని జిల్లా కలెక్టర్లను ఆదేశించాడు. బళ్లారి కలెక్టరు ఏ. డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో తన సమాధానం పంపాడు. తెలుగు భాషకు ఆంగ్లంలో వ్యాకరణం రచించి 1816లో ప్రకటించిన పండితుడాయన. ఆయన లెక్క ప్రకారం జిల్లాలో 533 విద్యాలయాలు, వాటిలో 6,641 మంది విద్యార్థులు ఉన్నారు. కన్నడ బడులు 235 కాగా తెలుగు బడులు 226. ఒకే నేలపై రెండు భాషల బడులు పక్కపక్కనే నడిచిన ఆ జిల్లా చిత్రం నేటి బెంగళూరు వాసులకు సుపరిచితంగానే తోస్తుంది.

ఆ బడులలో ఉదయం ఎలా మొదలయ్యేదో కాంప్‌బెల్ వివరంగా వ్రాశాడు. అందరికంటె ముందుగా వచ్చిన బాలుని అరచేతిలో గౌరవ చిహ్నంగా సరస్వతి పేరు వ్రాసేవారు. రెండవ వానికి సున్న చుట్టేవారు. అతనికి మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడవ వానికి మెల్లగా ఒక దెబ్బ, నాల్గవ వానికి రెండు, ఆ తరువాత వచ్చిన ప్రతివానికీ ఒక్కొక్కటి అదనం. సోమరితనం చూపిన వానికి బెత్తపు దెబ్బలు తప్పేవి కావు. రెండు చేతులూ కట్టి కప్పుకు వ్రేలాడదీయడం, ఎడతెగక కూర్చోబెట్టి లేవదీయడం కూడా ఆ నివేదికలో కనిపిస్తాయి. తెలుగువారికి వీటి పేర్లు వేరుగా చెప్పనక్కరలేదు. కోదండం, గుంజీళ్లు తరతరాల జ్ఞాపకాలు.

ఈ ఏర్పాటులో విద్యార్థి పని ఒక్కటే: చేయి చాపడం. ఆలస్యమెందుకైందో అడిగేవారు లేరు. పశువులను తోలి వచ్చినవాడూ, నిద్ర చాలక లేచినవాడూ ఒకే వరుసలో నిలబడేవారు. తప్పొప్పుల తీర్పు పూర్తిగా గురువు చేతిలోనే, ఆ చేతిలోని బెత్తంలోనే ఉండేది.

అయినా అదే నివేదికలో కాంప్‌బెల్ మనసారా మెచ్చుకున్న పద్ధతి ఒకటుంది. ముందుగా నేర్చిన విద్యార్థులు వెనుకబడిన వారికి చెప్పడం, చెబుతూ తమ చదువును స్థిరపరచుకోవడం. ఇంగ్లండులో సైతం దానిని అనుకరించారని ఆయన గుర్తుచేశాడు. ఆ అనుకరణ కథ మద్రాసులో మొదలయింది.

మద్రాసులో బాలల పంచాయతీ

డాక్టర్ ఆండ్రూ బెల్ 1789లో మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమానికి పర్యవేక్షకుడయ్యాడు. సైనికుల బిడ్డలుండే ఆ ఆశ్రమంలో జీతపు ఉపాధ్యాయులతో విసిగిన ఆయన, దేశీయ బడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూచి ఆ పద్ధతిని తన ఆశ్రమంలో ప్రవేశపెట్టి, పెద్ద పిల్లలనే గురువులుగా నియమించాడు. 1797లో లండనులో ఆయన ప్రకటించిన చిన్న పుస్తకం వల్ల ఇది ‘మద్రాసు పద్ధతి’గా ప్రసిద్ధి పొందింది.

నడవడికకు సంబంధించి బెల్ చేసిన ఏర్పాటు మరింత ఆసక్తికరమైనది. పిల్లల తప్పులను ఒక నల్ల పుస్తకంలో నమోదు చేసేవారు. వారానికొకసారి దానిని సభలో విప్పి, తోటి బాలురతో ఏర్పడిన పంచాయతీ చేత విచారణ జరిపించేవారు. తీర్పు గురువు చేతి నుండి పిల్లల సమూహానికి కొంత జారిన తొలి సందర్భాలలో ఇది ఒకటి. తోటివారు తూచే తూనిక న్యాయంగా ఉండాలన్న భావం ఇందులో ఉంది. కాని తప్పు చేసిన బాలుడు ఇంకా నిందితుడే. అతడు ఇతరుల తీర్పు వింటాడే గాని తన్ను తాను ప్రశ్నించుకోడు. నల్ల పుస్తకం అతని గురించి వ్రాసినదే గాని అతడు వ్రాసుకున్నది కాదు.

బెంగళూరులో మాట మీద నమ్మకం

విద్యార్థి మాటను నమ్మడమే అతనిని తీర్చిదిద్దే సాధనమన్న ఆలోచన బెంగళూరుకు స్కౌటు ఉద్యమంతో వచ్చింది. భారతదేశంలో మొట్టమొదటి స్కౌటు దళం 1909లో ఈ నగరంలోనే, బిషప్ కాటన్ బాలుర పాఠశాలలో, కెప్టెన్ టి. హెచ్. బేకర్ చేతుల మీదుగా ఏర్పడింది. ఆరేడుగురు బాలురకు వారిలోనే ఒకడు నాయకుడు. దళ నాయకులు కలిసి కూర్చొని తమ వ్యవహారాలు తామే నిర్ణయించుకుంటారు. స్కౌటు ఇచ్చిన మాట నమ్మదగినదన్నది ఆ ఉద్యమ నియమాలలో మొదటిది. రోజుకొక మంచిపని చేయాలన్న నియమానికి సాక్షులెవరూ ఉండనక్కరలేదు. చేసినదీ లేనిదీ ఆ బాలునికే తెలుస్తుంది. ఆత్మపరిశీలనకు ఇంతకంటె సులువైన తొలిమెట్టు కనిపించదు.

అయితే ఆ నమ్మకానికి ఆనాడు ఒక గీత గీశారు. యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ బాలురకు మాత్రమే దళంలో ప్రవేశం. భారతీయ బాలుని మాటకు ఆ విలువ దక్కలేదు. 1917లో శ్రీమతి అనీబిసెంట్ మద్రాసు కేంద్రంగా భారతీయ బాలుర కోసం ప్రత్యేక స్కౌటు సంఘం స్థాపించవలసి వచ్చింది. అదే సంవత్సరం ఆమె ప్రేరణతోనే బెంగళూరు బసవనగుడిలో నేషనల్ హైస్కూలు వెలిసింది. దేశంలోని వివిధ సంఘాలు ఏకమై భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడినది 1950 నవంబరు 7న. పిల్లలలో కొందరిని నమ్మి కొందరిని నమ్మకపోతే ఆత్మనిగ్రహ బోధన సగంలోనే ఆగిపోతుందని ఈ ఘట్టం తెలుపుతున్నది.

రూళ్లకర్ర నేర్పిన పాఠం

దండించే చేయి తన్ను తాను పరీక్షించుకున్న ఉదంతం గాంధీజీ ఆత్మకథలో ఉంది. 1910లో జోహాన్నెస్‌బర్గు సమీపాన 1,100 ఎకరాలలో టాల్‌స్టాయ్ క్షేత్రం ఏర్పడింది. గుజరాతీ, తమిళ, ఉత్తరాది కుటుంబాలతోపాటు ఆంధ్రదేశపు వారు కూడా అక్కడ నివసించారు. పిల్లలకు చదువు చెప్పే బాధ్యత గాంధీజీ స్వీకరించారు. దండించడాన్ని ఆయన ఎప్పుడూ వ్యతిరేకించారు. అబద్ధాలాడుతూ, తగవులు పెట్టుకుంటూ ఎవరి మాటా వినని ఒక పదిహేడేండ్ల యువకునిపై మాత్రం ఒకనాడు సహనం కోల్పోయి, దగ్గరనున్న రూళ్లకర్రతో అతని చేతిపై కొట్టారు. కొడుతూ తాము వణికిపోయారు. ఆ యువకుడు బలశాలి, తిరిగి కొట్టగలడు. కాని ఏడ్చి క్షమాపణ కోరాడు. అతనిని కదిలించినది దెబ్బ నొప్పి కాదని, తన వేదన అతనికి కనిపించిందని గాంధీజీ గ్రహించారు. తరువాత ఆ యువకుడు ఎన్నడూ ఎదురు చెప్పలేదు. అయినా ఆ దెబ్బకు తాము పశ్చాత్తాపపడుతూనే ఉన్నామని ఎన్నో ఏండ్ల తరువాత కూడా వ్రాసుకున్నారు.

ఇక్కడ ఒక సూక్ష్మం గమనింపదగినది. దెబ్బ ‘పనిచేసింది’. సామాన్యంగా ఉపాధ్యాయులు బెత్తాన్ని సమర్థించేది ఈ కారణంతోనే. గాంధీజీ మాత్రం ఫలితాన్ని చూచి తృప్తిపడక, తమలోని కోపాన్ని తూచుకున్నారు. తరువాత ఫీనిక్స్ ఆశ్రమంలో ఇద్దరు తప్పు చేసినప్పుడు బాధ్యత తమదేనని భావించి ఏడు రోజులు ఉపవసించారు. ఆత్మపరిశీలన ముందు గురువుతో ఆరంభం కావాలన్న సంప్రదాయానికి ఇది గట్టి పునాది. 1937 అక్టోబరులో వార్ధా విద్యా సమావేశంలో రూపుదిద్దుకున్న నయీ తాలీమ్ బడులలో పిల్లలే తమ సభను నిర్వహించుకొని, పారిశుధ్యం, వంటశాల వంటి పనులకు బాధ్యులను ఎన్నుకోవడం ఆ చింతన ఫలమే.

మదనపల్లె బాలుడు

బెంగళూరుకు ఈశాన్యంగా వందకు పైగా కిలోమీటర్ల దూరంలో ఉన్న మదనపల్లెలో 1895లో ఒక తెలుగు కుటుంబంలో జిడ్డు కృష్ణమూర్తి జన్మించారు. చిన్ననాడు మద్రాసులో చదివే రోజులలో ఆయన మందబుద్ధి అనిపించుకొని, పాఠాలు రానందుకు తరచుగా దెబ్బలు తిన్నారని జీవిత చరిత్రకారులు వ్రాశారు. ఆ బాలుడే పెద్దవాడై, విద్యలో భయానికి తావుండరాదని ప్రపంచమంతటా తిరిగి చెప్పడం యాదృచ్ఛికమని తోచదు. ఆయన ప్రేరణతో మదనపల్లె సమీపాన రిషివ్యాలీ పాఠశాల వెలసింది. 1978లో బెంగళూరు నగరపు అంచున, కనకపుర రోడ్డు పక్కన వ్యాలీ స్కూలు ఆరంభమయింది. శిక్షలూ బహుమతులూ రెండూ పిల్లవానిని బయటి శక్తికి లోబరచేవేనన్నది ఈ పాఠశాలల మూల భావన.

కృష్ణమూర్తి ఇంకొక మెట్టు పైకి వెళ్లారు. కోపాన్ని బలవంతాన అణచుకోవడం కూడా ఆయన దృష్టిలో నిగ్రహం కాదు. అణచినది మరొక రూపంలో పైకి లేస్తుంది. కోపం వచ్చినప్పుడు దానిని నిందించకుండా, సమర్థించకుండా గమనించమన్నారు. భగవద్గీత ఆరవ అధ్యాయానికి ఆత్మసంయమ యోగమని పేరు. వేమన, సుమతి శతకాలను కంఠస్థం చేసిన తెలుగు పిల్లలకు ఈ భావన క్రొత్తదేమీ కాదు. కాని కంఠస్థం చేయడం వేరు, కోపం వచ్చిన క్షణంలో గుర్తుకు రావడం వేరు. ఆ రెండింటి నడుమ ఉన్న దూరాన్ని తగ్గించడమే పాఠశాల పని.

నిచ్చెన మీద తన మెట్టు

నడత విషయంలో ఇలా ఉండగా, చదువులో ఆత్మమూల్యాంకనకు సరళమైన సాధనాన్ని కనుగొన్నది కూడా రిషివ్యాలీ పరిసరాలలోని తెలుగు పల్లె బడులే. అక్కడి గ్రామీణ విద్యాకేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతుల నాయకత్వంలో పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడదీసి, వాటిని ఒక నిచ్చెన రూపంలో అమర్చారు. గ్రామానికి ఒకే ఉపాధ్యాయుడు, వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో. అటువంటి చోట ప్రతి పిల్లా నిచ్చెన మీద తానెక్కడ ఉన్నదో చూచుకొని, తనకు కావలసిన కార్డు తానే తీసుకొని, పని ముగించి, పరీక్షించుకొని పై మెట్టుకు వెళుతుంది. బడికి రెండు వారాలు రాలేకపోయిన పిల్ల ఆగిన చోటి నుండే మొదలుపెడుతుంది. వెనుకబడిందన్న నింద లేదు.

ఈ పద్ధతిని చూచి వచ్చిన కర్ణాటక ప్రభుత్వ ఉపాధ్యాయులు 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె తాలూకాలో ‘నలి కలి’ని ఆరంభించారు. ఆనందంగా నేర్చుకోమని ఆ పేరుకు అర్థం. అక్కడ గోడ మీది పట్టికలో తన ప్రగతిని పిల్లవాడు తానే గుర్తించుకుంటాడు. తరువాత అది రాష్ట్రమంతటి కన్నడ ప్రాథమిక పాఠశాలలకు విస్తరించింది. తెలుగు పల్లెలో మొలకెత్తిన విత్తనం కన్నడ నేలలో చెట్టయిన ఈ కథ బెంగళూరు తెలుగువారు గర్వంగా చెప్పుకోదగినది. బళ్లారి బడిలో గురువు అరచేతిలో సున్న చుడితే, ఇక్కడ పిల్లవాని చేతిలోనే పెన్సిలు ఉంది.

చట్టం తొలగించినది, చట్టం ఇవ్వలేనిది

1986 జాతీయ విద్యావిధానం శారీరక దండనను విద్యావ్యవస్థ నుండి తొలగించాలని ప్రకటించింది. 2000 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు దండనకు అనుమతించే అక్కడి పాఠశాలా నిబంధనలను కొట్టివేసింది. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షను శారీరక శిక్షతోపాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. 2020 జాతీయ విద్యావిధానం మరొక అడుగు వేసి, ప్రగతి పత్రంలో ఉపాధ్యాయుని అంచనాతోపాటు విద్యార్థి స్వీయ మూల్యాంకనకు, తోటివారి మూల్యాంకనకు చోటు కల్పించింది.

చట్టం బెత్తాన్ని తీసుకోగలదు. కాని బెత్తం స్థానంలో ఉండవలసిన దానిని చట్టం ఇవ్వలేదు. బెత్తం పోయిన చోట కేకలు, ఎత్తిపొడుపులు, నలుగురిలో నిలబెట్టడం వచ్చి చేరితే పేరు మారినదే గాని శిక్ష మారలేదు. ఏమీ చేరకపోతే తరగతి అదుపు తప్పుతుంది, అప్పుడు తల్లిదండ్రులే వచ్చి నాలుగు తగిలించమంటారు. ఈ ఖాళీని ఆత్మనిగ్రహ శిక్షణతో నింపడమే నేటి ఉపాధ్యాయుల ముందున్న అసలు పరీక్ష.

నిగ్రహం పుట్టుకతో వచ్చే గుణమని, అది లేని పిల్లలను మార్చలేమని నిరాశ చెందే వారున్నారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ మిషెల్ చేసిన ప్రయోగాలు అలాంటి అపోహకు కొంత కారణమయ్యాయి. ఎదురుగా ఉన్న మిఠాయిని వెంటనే తినక ఓపిక పట్టిన చిన్నపిల్లలు పెద్దయ్యాక చదువులో రాణించారని ఆ పరిశోధన తెలిపింది. 2018లో మరింత ఎక్కువ మంది పిల్లలతో పరిశీలించినప్పుడు, కుటుంబ స్థితిగతులను లెక్కలోకి తీసుకుంటే ఆ సంబంధం బాగా తగ్గిపోయింది. 2013లో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో జరిగిన 28 మంది పిల్లల ప్రయోగం ఇంకా విలువైనది. ముందు మాట నిలబెట్టుకున్న పెద్దల ఎదుట పిల్లలు సగటున 12 నిమిషాలు ఓపిక పట్టారు. మాట తప్పిన పెద్దల ఎదుట 3 నిమిషాలే. అంటే పిల్లవాని నిగ్రహం వాని గుండెలో మాత్రమే లేదు, పెద్దల మాట మీద వానికున్న నమ్మకంలో కూడా ఉన్నది.

తరగతి గదిలో ఆచరణ

ఈ చరిత్ర అంతా కలిపి చెప్పే పాఠం ఒకటే. తీర్పు చెప్పే అధికారాన్ని విద్యార్థికి అప్పగించాలి. నిజం చెప్పినందుకు వానిని శిక్షించరాదు. శనివారం చివరి గంటలో ఒక చిన్న నోటు పుస్తకంలో నాలుగు ప్రశ్నలకు జవాబు వ్రాయించడం ఏ పాఠశాలకైనా సాధ్యమే. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నానా? కోపం వచ్చినప్పుడు ఏమి చేశాను? ఇతరుల వంతును నేను తీసుకున్నానా? వచ్చే వారం ఏ ఒక్కటి మార్చుకుంటాను? ప్రశ్నలు చేసిన పనిని గురించి ఉండాలే గాని, నేను మంచివాడినా చెడ్డవాడినా అన్నట్లు ఉండరాదు.

అమెరికా రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ 13 సద్గుణాల పట్టిక గీసుకొని, వారానికొక గుణం చొప్పున సాధన చేస్తూ, తప్పిన చోటల్లా నల్ల చుక్క పెట్టుకున్నాడు. వస్తువులను క్రమంగా ఉంచుకోవడం తనకు చివరిదాకా పట్టుబడలేదని ఆయనే ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు పిల్లలకు చెప్పదగినది. చుక్కలు లేని పుస్తకం కంటె నిజమైన చుక్కలున్న పుస్తకమే మేలు.

ఆ నోటు పుస్తకానికి మార్కులు వేసిన నాడు అందరూ ‘నేను ఎల్లప్పుడూ సత్యమే పలికాను’ అని వ్రాస్తారు. దానిని తల్లిదండ్రుల సమావేశంలో సాక్ష్యంగా చూపిన నాడు అది మళ్లీ బెల్ దొరగారి నల్ల పుస్తకమవుతుంది. ఉపాధ్యాయుడు కూడా తన పేజీ వ్రాసి, కోపంలో ఒక పిల్లను అన్యాయంగా మందలించానని ఒకసారి చదివి వినిపిస్తే, పది నీతి ఉపన్యాసాలు చేయలేని పని అది చేస్తుంది.

రాయలసీమ నుండి, పాలమూరు నుండి కట్టడాల పనులకు వచ్చిన కుటుంబాల పిల్లలు బెంగళూరు బడులలో ఉన్నారు. తల్లి పనికి వెళ్లగా చెల్లెలిని నిద్రపుచ్చి, నీళ్లు పట్టి, గంట మోగిన తరువాత పరుగున వచ్చే బాలిక నేటికీ తరగతి గుమ్మంలో కనిపిస్తుంది. రెండు వందల ఏండ్ల క్రితం బళ్లారి బడిలోనైతే ఆమె చేయి చాపవలసి వచ్చేది. నేడు ఆమెను లోపలికి పిలిచి, రేపు పది నిమిషాలు ముందుగా రావడానికి ఏమి చేయవచ్చునో ఆమెనే ఆలోచించమని అడగవచ్చును. ఆ ప్రశ్న వినగానే ఆమె తలవంచుకొని మౌనంగా నిలబడితే, పాఠశాల చేయవలసిన పని ఇంకా మిగిలి ఉన్నదని అర్థం. తలయెత్తి తన ఉపాయం తాను చెప్పగలిగితే, శిక్ష అనే పదం మన బడిలో తన మొదటి అర్థానికి తిరిగి వచ్చినట్లే.